గొలుసుకు కట్టిన ట్యూబు

విజయనగరంలో మా వీధి మలుపున ఉన్న పంక్చరు కొట్టు ముందు నుంచి ఆటోలో వెళ్తున్నప్పుడల్లా, ఎండకు వేడెక్కిన రబ్బరు వాసన గుప్పున లోపలికి వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసనతోపాటు సాలూరులో మా పెంకుటిల్లు, ఇంటి పక్క ఖాళీ జాగాలో ఆగి ఉన్న నాన్న లారీ, దాని బాడీకి ఆరబెట్టిన నాయనమ్మ చీర, అన్నీ కలిసి వస్తాయి.

సాలూరులో ఆ రోజుల్లో లారీతో సంబంధం లేని ఇల్లు మా వీధిలో లేదనే చెప్పాలి. నాన్న లారీ తోలేవాడు. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, ఆయనతో క్లీనరుగా వెళ్లేవాడు. వానాకాలం వెళ్లేసరికి నార కోసం చెరువుల్లో నానబెట్టిన గోగుకట్టల కుళ్లు వాసన ఊరంతా కమ్ముకునేది, చలికాలంలో ఒడిశా వైపు ఘాట్ రోడ్డు మంచులో మునిగి, దిగి వచ్చే లారీలకు పట్టపగలే దీపాలు వెలిగేవి. బడి దూరమని నన్ను పంపలేదు. నాయనమ్మే అరుగు మీద ఇసుక పోసి నా చేత అక్షరాలు దిద్దించింది, సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి రెండు పద్యాలు చెప్పించింది. నాకున్న చదువు అదే, ఆ చేతికి నేనెప్పుడూ రుణపడే ఉంటాను.

నాన్న ఎక్కువగా తీసుకెళ్లేది ఇనుప సామాను, కొండ మీది ఫ్యాక్టరీలకు పోయే పెద్ద పెద్ద యంత్రాలు. వాటిని గొలుసులతో లారీ బాడీకి కట్టేవారు. అందరూ గొలుసును కొక్కేనికే నేరుగా తగిలించి, ఇనుపకడ్డీతో మెలివేసి బిగించేవారు. నాన్న అలా చేసేవాడు కాదు. పాత టైరు ట్యూబులను రింగులుగా కోసి, నాలుగైదు కలిపి పేని, గొలుసు చివరకూ కొక్కేనికీ నడుమ కట్టేవాడు. యంత్రం అంచులు గొలుసును కొరకకుండా, అమ్మ పాతచీర ముక్కల్లో గోగునార కూరి కుట్టిన దిండ్లు అక్కడక్కడా దోపేవాడు. మేం పిల్లలం మిగిలిన రింగులను వీధిలో దొర్లించుకుంటూ, సాగదీసి వదిలి వీపులు వాయించుకుంటూ ఆయన చుట్టూనే తిరిగేవాళ్లం.

"ఏటి బావా, గొలుసుక్కూడా ఉయ్యాల కడతన్నావేటి? దానికి జోల కూడా పాడమంటావా?" అని మావ వేళాకోళం చేసేవాడు.

"నువ్వు పాడితే అది ముందే తెగిపోతాది గానీ, ఇలగ పట్టు. గొలుసుకి బలముందిగాని సాగడం రాదురా. గుంతలో పడినా, బ్రేకు కొట్టినా, ఆ కుదుపంతా గొలుసు కడీల మీదే పడిపోతాది. ఇదైతే కొంచిం సాగి, ఆ దెబ్బ తను తినీసి, మెల్లగా గొలుసుకిస్తాది" అనేవాడు నాన్న.

దసరా వచ్చిందంటే లారీకి మాకంటే ముందు తలంటు. అరటిపిలకలు కట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. లోపల బూరెలు వేగుతుంటే, పులిహోర పోపు ఘాటుకు మేం తుమ్ముకుంటూ వీధిలోకి పరిగెత్తేవాళ్లం. గొలుసుల సేవ మాత్రం నాయనమ్మది. కొడుకు ప్రాణం వాటి మీద ఉందని ఆమె నమ్మకం. కుంకుడు రసంతో తోమి, ఆరబెట్టి, ఒక్కో కడీకి నువ్వులనూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టి కళ్లకద్దుకునేది. ఆ ఏడాది ఆమె చూపు గోడకు వేలాడుతున్న ట్యూబు రింగుల మీద పడింది.

"గొలుసుకి సేసి వీటికి సెయ్యకపోతే సిన్నబుచ్చుకోవా? ఇవి మాత్రం నా కొడుకుని కాయటం నేదేటి?" అంటూ గిన్నెలో మిగిలిన నూనెంతా వాటికి పట్టించింది. అవి నల్లగా నిగనిగలాడుతూ, పండగ వెళ్లేదాకా గోడకే ఉన్నాయి.

పండగ దాటగానే బరువైన యంత్రం ఒకటి కొండ మీదికి చేర్చాలని కబురొచ్చింది. మావ హడావుడిగా గొలుసుల పసుపు తుడిచి, గోడకున్న రింగులు ముందువైపు గొలుసుకు కట్టాడు. అవి చాలక, సీటు కింద పెట్టెలో ఉన్న పాతవి వెనక గొలుసుకు కట్టాడు. మర్నాడు ఉదయానికి తిరిగి రావలసిన లారీ మధ్యాహ్నమైనా రాలేదు. అమ్మ పొయ్యి మీది అన్నం దించి మళ్లీ ఎక్కించింది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని, "అప్పన్నబాబూ, నా బిడ్డని ఇంటికి సేర్చు" అని దేవుడికి మొక్కుకుంటూ అదే మాట మళ్లీ మళ్లీ అంటూ ఉంది. నేను ఆమె పక్కన కూర్చుని వీధి చివరికే చూస్తున్నాను.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. నాన్న చొక్కా నిండా ఎర్రదుమ్ము. దిగుతూనే మావ గబగబా చెప్పేశాడు. ఘాట్ వంపులో గొడ్డు అడ్డొస్తే బ్రేకు కొట్టారట. ముందున్న రింగులు పుటుక్కున తెగి, ఆ గొలుసు వదులై, యంత్రం జానెడు జరిగిందట. వెనక గొలుసు ఆపబట్టి లారీ లోయలోకి ఒరగలేదట.

"ఇదిగో, సూడండి" అని మావ తెగిన రింగులు అరుగు మీద పడేశాడు. నాయనమ్మ ఒకటి తీసుకుంది. ఉబ్బి మెత్తబడ్డ రబ్బరులో ఆమె వేలు దిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మావ "నూని తగిల్తే రబ్బరు..." అని మొదలుపెట్టి, నాన్న చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. అప్పటికే నాయనమ్మకు అర్థమైపోయింది.

"నానేరా... నా సేత్తోనే నీ పేనం మీదికి తెచ్చీసినాను."

నాన్న కాళ్లయినా కడుక్కోకుండా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ రింగు ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని అన్నాడు. "నువ్వేటీ సెయ్యనేదమ్మా. దీన్ని కట్టిందే తెగడానికి. వచ్చీసినాను కదా. ఆకలేస్తంది, నీ సేత్తో అన్నమెట్టు."

నాయనమ్మ లేచి ఆ చేత్తోనే వడ్డించింది. నాన్న ఎప్పటికన్నా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఆ నూనె మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు, వేళాకోళాల మావ కూడా. మరుసటి దసరాకు నాయనమ్మ గొలుసులకు నూనె రాసి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, ట్యూబులను తడిగుడ్డతో తుడిచి, ఒక్కోదాని మీద ఒక్కో బంతిపువ్వు పెట్టింది.

నాయనమ్మ, నాన్న ఇద్దరూ వెళ్లిపోయారు. లారీ ఎవరి చేతుల్లో తుక్కయిందో తెలియదు. ఇప్పుడు బరువులకు వెడల్పాటి పట్టీలు వచ్చాయి, మీట లాగితే బిగుసుకుంటాయి. మొన్న పంక్చరు కొట్టు అబ్బాయిని లారీ ట్యూబు ముక్క ఒకటి అడిగితే, "టైర్లకి ట్యూబులే ఉండట్లేదు పిన్నీ, ఎక్కడినుంచి తెస్తాను?" అని నవ్వాడు.

నా దగ్గర మిగిలింది ఒక్క రింగు, నాన్న కోసినదే. దేవుడి గూటి పక్కన మేకుకు ఉంటుంది. ఎండి, బీటలు వారింది, ఇప్పుడు లాగితే సాగదు. ఈ దసరాకు దానికి పువ్వు పెడుతుంటే మనవరాలు నూనెగిన్నె పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఎండిపోయింది, దీనికి రాయవేటి?" అంది.

"దీనికొద్దమ్మా" అని, గిన్నె పక్కన పెట్టి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా చేత్తో అన్నం తినిపించాను.