ఎవరూ నెట్టని బండి

పోయిన వారం మా ఆఫీసు దారిలో రోడ్డుకు కొత్త తారు వేశారు. క్యాబ్ డ్రైవరు ముక్కు ముడిచి అద్దాలు ఎక్కించబోతే, నా వైపు అద్దం దించే ఉంచమన్నాను. వేడి తారు వాసన, కంకర దుమ్ము, పక్కన ఆపిన రోలరు వదిలే డీజిలు పొగ, అన్నీ కలిసి లోపలికొచ్చాయి. అందరికీ తలనొప్పి తెప్పించే ఆ వాసన నాకు మాత్రం వేసవి సెలవుల వాసన.

నాన్నది ప్రభుత్వోద్యోగం. గుడివాడ నుంచి బదిలీ అయి వచ్చి, మాదాపూర్ ఊరి చివర ఒక ఇంట్లో కిరాయికి దిగాం. తొంభైల చివరి సంవత్సరాలవి. హైటెక్ సిటీ అన్న మాట అప్పుడప్పుడే జనం నోళ్ళలో పడుతోంది గానీ, మా కిటికీలోంచి కనిపించేవి మాత్రం ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టున్న బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, ఆ పొదల్లో మెడ చాచే మేకలు. మధ్యాహ్నం పూట ఎర్రజెండా ఊపి ఈల వేసేవాళ్ళు. కాసేపటికి ఎక్కడో బండలు పేలి, మా వంటింటి గూట్లో గిన్నెలు గలగలలాడేవి. వేసవిలో వాకిట్లో ముంజెలు, లోపల అమ్మ కలిపే ఆవకాయ ఘాటు. దసరా ముందు పిల్లలు ఒళ్ళో పోసుకొచ్చే తంగేడు, గునుగు పూలు. ఇంటి ఓనరమ్మ బతుకమ్మ ఆడివచ్చి నువ్వుల సద్ది, మలీద ముద్ద నా చేతిలో పెట్టేది. అమ్మ పులిహోర పంపేది.

నాకు ఏడాది నిండకముందు వచ్చిన జ్వరం నా రెండు కాళ్ళ బలాన్నీ తీసుకుపోయింది. పదేళ్ళు దాటినా అమ్మ నన్ను చంకనేసుకునే తిప్పేది. బడి అయ్యాక అరుగు మీద కూర్చోబెడితే, ఒళ్ళో పుస్తకంతో చీకటి పడేదాకా అక్కడే. పిల్లలు నన్ను ఆటలోంచి తీసెయ్యలేదు. దాగుడుమూతల్లో ఎప్పుడూ నన్నే తల్లిని చేసేవాళ్ళు. దొంగ కళ్ళు నా అరచేతులతో మూసేదాన్ని. దాక్కున్నవాళ్ళు దొరక్కుండా పరుగెత్తుకొచ్చి నన్ను ముట్టుకునేవాళ్ళు. వాళ్ళ చేతులు కాలుతూ ఉండేవి, మెడల మీంచి చెమట కారేది, మాట రానంతగా రొప్పేవాళ్ళు. ఆ వేడి, ఆ రొప్పు నా ఒంట్లో ఎలా ఉంటుందో అని నాకు ఎంత కోరికగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. చెప్పే స్వభావం కాదు నాది.

ఏడో తరగతి పరీక్షలు అయ్యాక నాన్న ఎవరి ద్వారానో చేత్తో తిప్పే మూడు చక్రాల బండి సంపాదించారు. పెద్దవాళ్ళ కొలతకు చేసినది కావడంతో బాలానగర్ తీసుకెళ్ళి, చేతి పెడలు నాకు అందేలా కిందికి దింపించి, ఆకుపచ్చ రంగు వేయించి తెచ్చారు. మాకెవరికీ అది నేను నడిపే బండి అని తోచలేదు. నేను కూర్చుంటే వెనక ఎవరో ఒకరు నెట్టే కుర్చీ అనుకున్నాం.

అలా అనుకోని మనిషి మణెమ్మ. మా ఇంటి వెనక కడుతున్న భవనానికి వాళ్ళ నాన్న వాచ్‌మన్. పాలమూరు నుంచి వచ్చి రేకుల షెడ్డులో ఉండేవాళ్ళు. నాకన్నా ఏడాది చిన్నది. చంకలో ఎప్పుడూ చంటి తమ్ముడు. ఒకనాటి సాయంత్రం నెట్టమని అడిగితే, తమ్ముణ్ణి ఇంకాస్త పైకి ఎగదోసుకుని, "నా చేతులేడ ఖాళీ ఉన్నయక్కా? నీ చేతులైతే ఖాళీగనే ఉన్నయి గదా, తిప్పు" అంది.

తిప్పాను.

మా ఊరి మలుపు దగ్గర కొత్త రోడ్డు మొదలయ్యేది. అంత వెడల్పు రోడ్డు మేమెవరమూ అప్పటిదాకా చూడలేదు. నల్లగా మెరుస్తూ, మధ్యలో ఇంకా బతుకుతాయో లేదో తేల్చుకోని మొక్కలతో, దీపాలు వెలగని స్తంభాలతో, గుట్ట మీదున్న గుండ్రటి అద్దాల భవనం దాకా ఎక్కేది. ఎప్పుడో ఒక కారు, ఒక ఇసుక లారీ. మిగతా రోడ్డంతా మాదే. పగలంతా తాగిన ఎండను తారు సాయంత్రాలు వదులుతుంటే, ఆ ఆవిరిలో నేను తిప్పేదాన్ని, పక్కన మణెమ్మ తమ్ముణ్ణి ఎగరేసుకుంటూ ఉరికేది. మొదట్లో నాలుగు బారలు పోయేసరికి భుజాలు పట్టేసేవి. అరచేతులు బొబ్బలెక్కితే రాత్రి అమ్మ వెన్న రాస్తూ, "ఎందుకమ్మా ఈ కష్టం?" అనేది. మణెమ్మకు జాలి అన్నది తెలియదు. ముందుకు ఉరికి, వెనక్కి తిరిగి నిలబడి, "నీ కన్న ఎడ్లబండి నయమక్కా" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండి ఇంకాస్త తిప్పేదాన్ని. మే నెల సగమయ్యేసరికి నా మెడ మీంచి చెమట కారి జాకెట్టు వీపుకు అతుక్కునేది. అది నా చెమట. తుడుచుకోవాలనిపించేది కాదు.

మా ఊరి బడి ఏడుతో సరి. హైస్కూలు ఆ ఎత్తు ఎక్కి అవతలికి దిగితే ఉంది. అంత దూరం నెట్టడం అమ్మ వల్ల కాదు, నాన్న ఆఫీసు వేళకు కుదరదు. ఇంట్లోనే చదివించి పరీక్షలు ప్రైవేటుగా రాయిద్దామని అమ్మ పట్టు.

"ఎవరి చెయ్యీ పడకుండా పైన అద్దాల భవనం గేటు దాకా ఎక్కిందంటే ఒక్కతే వెళ్తుంది. ఎక్కలేకపోతే నేనింక మాట్లాడను" అన్నారు నాన్న.

"మధ్యలో ఆగిపోతే ఎవరున్నారండీ దానికి? నేనే చూస్తాను ఎలా ఎక్కుతుందో" అంది అమ్మ.

మర్నాడు సాయంత్రమే అమ్మ వచ్చింది. మణెమ్మ తమ్ముణ్ణి అమ్మకు అందించి, లంగా ఎగదోపి, నాతో పందెం కట్టి ఉరికింది. సగం ఎత్తులో నా చేతులు ఇక రామన్నాయి. పెడలు బరువెక్కిపోయింది. పళ్ళు బిగించి తిప్పుతుంటే, ఉన్నట్టుండి బండి తేలికైంది. నాలో ఎక్కడో దాగిన బలం బయటికొచ్చిందనుకున్నాను. గాలి చెవులకు తగిలింది. గేటు ముందు ఆగి తిరిగి చూస్తే, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకున్న ఒకాయన వెనక నుంచి చేతులు తీస్తూ నవ్వుతున్నాడు. పక్కనున్న కొత్త ఆఫీసులో పనిచేసేవాడు కాబోలు. "పర్లేదమ్మా" అని, నేను థాంక్స్ చెప్పకముందే వెళ్ళిపోయాడు.

అమ్మ పిల్లాణ్ణి మోసుకుంటూ రొప్పుతూ వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "సరేలే అమ్మలూ, వెళ్దువుగాని బడికి" అంది.

"గది లెక్కల రాదు పెద్దమ్మా" అంది మణెమ్మ. "ఆ సారు నూకిండు. నేను చూసిన."

"పోనీలేవే, పాపం సాయం చేశాడు. చాలావరకు అదే ఎక్కిందిగా."

మణెమ్మ అమ్మకేసి చూడలేదు. నాకేసి చూసింది. తల ఊపితే చాలు, బడి నాదే. పెద్దవాళ్ళ మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పి ఎరగను. "కిందికి వెళ్దాం" అన్నాను.

రెండోసారికి చేతుల్లో ఏమీ మిగల్లేదు. ఇందాకటి చోటు దాటి కాస్త పైకి వచ్చాక బండి ఆగి, మెల్లగా వెనక్కి జారింది. వెనకే నడుస్తున్న అమ్మ పిల్లాణ్ణి ఒక చంకకు మార్చుకుని చెయ్యి చాచింది.

"ముట్టకు పెద్దమ్మా" అని పైనుంచి కేకేసింది మణెమ్మ. "జర ఆగు. గామెనే బ్రేకు పట్టుకుంటది."

పట్టాను. అమ్మ చెయ్యి నా వీపు దగ్గర గాలిలోనే ఉండిపోయింది. ఊపిరి కుదురుకునేదాకా అలాగే ఉండి, మళ్ళీ ఒక తిప్పు, ఆగి ఇంకో తిప్పు. గేటు చేరేసరికి స్తంభాల నీడలు కూడా కనిపించడం లేదు. మణెమ్మ ఎప్పుడో వచ్చి రాతి మీద కాళ్ళూపుతూ కూర్చుంది. "గెలిచింది నేనే" అంది. ఆమే గెలిచింది. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఒళ్ళంతా కాలుతోంది.

జూన్ నుంచి ఒక్కదాన్నే బడికి వెళ్ళాను. సాయంత్రాలు అదే ఎత్తు మీద మణెమ్మతో పందెం. దాదాపు ఎప్పుడూ ఓడేదాన్ని. ఆ ఏడాది చివర భవనం పూర్తయింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి రేకుల షెడ్డు లేదు, మసిబారిన పొయ్యిరాళ్ళు మిగిలాయి. పుప్పాలగూడ వైపు పనికి పోయారని ఒకరు, బాచుపల్లి అని ఒకరు.

ఇప్పుడు ఆ ఎత్తు ఫ్లైఓవరు కిందికి పోయింది. బండలు లేవు, సీతాఫలం పొదలు లేవు. ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళే లేరు, ఇక ఉరికేవాళ్ళెక్కడ? ఆదివారాలు స్టేడియానికి వెళ్ళి వీల్‌చెయిర్ మీద ట్రాక్ చుట్టూ తిరుగుతాను, చాలాసార్లు ఒక్కదాన్నే. మొన్న ఆఫీసు ఆటల రోజున అమ్మాయిలు నన్నూ పరుగుపందెంలో చేర్చారు. ఈల వేయగానే నా శక్తికొద్దీ చక్రాలు తోశాను. సగం దూరం పోయాక పక్కకు చూస్తే, అందరూ నాకు ఒక్క అడుగు వెనకగా, నెమ్మదిగా, నవ్వుతూ వస్తున్నారు. రిబ్బను దాటాక చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. మంచి పిల్లలు. పతకం మెడలో వేయించుకుని అందరికీ థాంక్స్ చెప్పాను. ఒక్కరైనా నన్ను దాటి ఉరికి ఉంటే బాగుండునని మాత్రం చెప్పలేదు.