చింతపండుతో తోమిన కొంగ

అవును, చింతపండుతోనే తోమాను. గుప్పెడు రాళ్ళుప్పు కూడా వేశాను. ఈ మాట ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. విన్నవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు నెత్తి కొట్టుకున్నారు, ఒకాయన నేనేదో ఖూనీ చేసినట్టు చూశాడు. చూస్తే చూడనీ. నేను చెప్పడం మానలేదు.

మొదటినుంచీ చెబుతాను. వై టూ కే పుణ్యమా అని, కంప్యూటర్ ముక్క తెలిసిన ప్రతివాళ్ళూ విమానం ఎక్కేసిన రోజులవి. మా ఆయనా నేనూ ప్రోగ్రామర్లమే. సింగపూర్లో, బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తులో అద్దె ఫ్లాట్, పాయా లేబర్‌లో నా ఆఫీసు. అక్కడి మా తెలుగువాళ్ళు ఏ ఇంట్లో కలిసినా రెండే కబుర్లు: హైదరాబాదులో ఎవరు ఎక్కడ స్థలం కొన్నారు, ఎవరు ఎన్ని తులాల నగ చేయించుకున్నారు. నేను మాత్రం పాత జపాను కత్తుల బిళ్ళలు కొనేదాన్ని.

కత్తులు కాదు, కత్తుల బిళ్ళలు. అలుగున్న కత్తి ఇంట్లో పెట్టుకోవాలంటే బోలెడు అనుమతులు, కాగితాలు. జపాను కత్తికి పిడికీ అలుగుకీ మధ్య గుండ్రటి లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది, చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా. త్సుబా అంటారు. అరచేతిలో ఇమిడే ఆ బిళ్ళ మీద పనివాడు పీతనో, వాననో, వెదురుతోపునో చెక్కి పెడతాడు. కత్తి తుప్పు పట్టిపోయినా బిళ్ళ మిగులుతుంది. వాటిని సేకరించేవాళ్ళు, ఒకరితో ఒకరు మార్చుకునేవాళ్ళు సింగపూర్‌లో ఓ పదిమంది ఉండేవాళ్ళేమో.

నేను వాళ్ళలో పడడానికి కారణం వాన. ఒకరోజు లంచ్ టైములో వాన దంచేస్తుంటే ఆఫీసు పక్కనున్న పాత కట్టడంలోకి దూరాను. రెండో అంతస్తులో ఒక చైనీస్ పెద్దాయన కొట్టు. గాజు బీరువాలో ఒక ఇనుప బిళ్ళ, దాని అంచున పాకుతున్న పీత. మా నాన్నది తెనాలిలో రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు. లోహం మధ్యే పెరిగినదాన్ని, మంచి పని కనిపిస్తే అక్కణ్ణించి కదల్లేను. ఆ రోజు ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్ళాను. నెల తిరిగేసరికి పీత నాదైంది.

"ఇదేమిటి, బోల్టు కింద వేసే వాషరా?" అన్నారు మా ఆయన. యూ టీ అనే పేటలో ఎవరింట్లోనో భోజనాలకి వెళితే ఒక ఆంటీ బుగ్గలు నొక్కుకుంది. "ఇనుము డబ్బులిచ్చి మరీ ఇంటికి తెచ్చుకున్నావా తల్లీ? శనిని పిలిచి కూచోబెట్టినట్టే. దాంతో ఓ జత గాజులు వచ్చేవి కదమ్మా!"

"గాజులున్నాయాంటీ. పీత లేదు," అన్నాను. ఆవిడ మళ్ళీ నన్ను భోజనానికి పిలవలేదు.

పెద్దాయన్ని నేను అంకుల్ అనేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన కొట్లో నలుగురైదుగురు చేరేవాళ్ళు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, ఎవరు తెచ్చిన బిళ్ళ వాళ్ళు దాని మీద పెట్టేవాళ్ళు. అందరూ మగవాళ్ళే. అందులో బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన మొదటిరోజే అడిగాడు, "మీ ఆయన కోసం కొంటున్నారా?" అని. "మా ఆయన కోసం చొక్కాలు కొంటాను. ఇవి నాకు," అన్నాను. పెద్దాయన తల దించుకుని నవ్వుకున్నారు.

ఆ బల్లకో పద్ధతి ఉండేది. బిళ్ళని రెండు చేతులతో, అంచులు మాత్రమే పట్టుకుని, పక్కవాళ్ళ నుంచి అందుకోవాలి. మళ్ళీ అలాగే అందించాలి. ఎవరు ఏది పెట్టినా దాని గొప్ప కంటే ముందు దాని లోపం చెప్పాలి. ఇక్కడ అతుకు వేశారు, ఇక్కడ అరిగింది, ఇది తర్వాత ఎవరో పూసిన బంగారం. నాకు నవ్వొచ్చింది. మా నాన్న కొట్లో సొట్టబిందెని సొట్ట గోడవైపు తిప్పి పెట్టేవాళ్ళం.

ఇంకో అలవాటు ఆయనది. మనిషి మీద గురి కుదిరితే ఒక బిళ్ళని పెట్టెలో పెట్టి ఇంటికిచ్చేవారు. రసీదు లేదు, సంతకం లేదు. "నెల రోజులు దీనితో ఉండు. తర్వాత మాట్లాడదాం," అనేవారు. ఏడాది గడిచాక నాకిచ్చింది మామూలుది కాదు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా అమ్మకుండా దాచుకున్నది. రాగిలో కాస్త బంగారం కలిపిన లోహం, నేరేడుపండు నలుపు. ఆ నలుపులో సన్నగా వాన గీతలు, ఓ మూల ఒంటికాలి మీద వెండి కొంగ. బ్యాంకాయన మొహం మాడిపోయింది. ఆయన ఆ కొంగని ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నాడట.

"మెత్తని నూలుబట్టతో తుడువు. అంతకుమించి ఏమీ చెయ్యకు," అన్నారు పెద్దాయన. తలూపాను.

ఇంతలో దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆయుధపూజ. మా వాళ్ళ ఆయుధాలేమిటి ఆ రోజుల్లో? మా ఆయన లాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి, మోడెమ్‌కి కూడా పసుపు రాశారు. "మోడెమ్ మీకు ఆయుధమైతే, నా దగ్గర నిజం ఆయుధాల ముక్కలే ఉన్నాయి," అని నా బిళ్ళలన్నీ పీట మీద పేర్చాను. పొద్దున్నే కలశం చెంబు, దీపపు కుందులు తోమి ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కన కొంగ బిళ్ళ మసిబారినట్టు కనిపించింది. తోమని రాగిని అమ్మవారి ముందు పెడతామా? నూలుబట్ట మాట గుర్తుంది. గుర్తుండే చేశాను. ఈ మగవాళ్ళు జన్మలో ఒక చెంబు తోమిన మొహాలా, తెనాలి రాగిసామాన్ల కొట్టు పిల్లకి తోమడం నేర్పుతారా అనుకున్నాను. ఇనుప బిళ్ళల జోలికి పోలేదు. ఇనుముని తడపకూడదని తెలుసు. రాగి సంగతి నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు, అదీ నా ధీమా.

తోమాను. గట్టిగా తోమాను. ఎర్రగా, కొత్త చెంబులా ధగధగలాడింది. మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను. "అబ్బ, ఇప్పుడు బాగుంది!" అన్నారు పాపం ఆయన కూడా. కుంకుమ పెట్టి, హారతిచ్చి, పులిహోర నైవేద్యం పెట్టాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, పెద్దాయన చదవమని ఇచ్చిన పుస్తకం తిరగేస్తుంటే అలాంటి నల్ల బిళ్ళ బొమ్మే కనిపించింది. కింద నాలుగు వాక్యాలు. ఆ నలుపు మసి కాదు. బిళ్ళంతా చెక్కడం పూర్తయ్యాక, పనివాడు ప్రత్యేకమైన నీళ్ళలో మరిగించి మరిగించి తెప్పించేది. అతను చేసే ఆఖరి పని, అన్నిటికంటే కష్టమైన పని. అది పాతబడే కొద్దీ విలువ. పీట మీదికి చూశాను. అతను చెక్కింది రాత్రివాన. నేను రాత్రిని చింతపండుతో కడిగేశాను. కొంగ ఎర్రటి పళ్ళెంలో నిలబడి ఉంది.

ఏడ్చాను. ఏడ్చానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. వస్తువు పోయిందని కాదు. ముప్ఫై ఏళ్ళు దాచుకున్నదాన్ని ఆ మనిషి ఒక్క మాట మీద నా చేతిలో పెట్టారు. ఇక ఆ బల్ల దగ్గర నాకు చోటుండదు. సింగపూర్ మొత్తంలో ఫలానావారి భార్యగానో, ఫలానా ప్రాజెక్టు మనిషిగానో కాక నేను నేనుగా కూర్చునే కుర్చీ అదొక్కటే.

"ఎవరైనా మళ్ళీ నల్లరంగు వెయ్యలేరా?" అన్నారు మా ఆయన. నాకు తెలిసిన సేకరణదారుల్లో నా దగ్గర ఫోన్ నంబరున్నది బ్యాంకాయన ఒక్కడిదే. చేశాను. అంతా విని ఆయన చాలా మెత్తగా మాట్లాడాడు. నల్లబరిచే మనిషి ఒకడు తనకి తెలుసట. వారంలో ఇస్తాడట, పెద్దాయన కళ్ళు ఇప్పుడు అంతంతమాత్రం కాబట్టి కనిపెట్టలేరట. "డబ్బులేమీ వద్దు. మీ పీతని నాకిచ్చెయ్యండి, ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉంటుంది."

నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం మనసు లాగింది. పీత పోతే పోయింది, కుర్చీ దక్కుతుంది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. నా తప్పు నాకు తెలుసు, అది చాలదని ఆ కళ్ళు సరిగ్గా కనపడని ముసలాయన చెవిలో పువ్వు పెట్టాలా? "మీ మనిషిని మీ దగ్గరే ఉంచుకోండి," అని ఫోన్ పెట్టేశాను. మా ఆయన తల పట్టుకున్నారు. "ఎందుకే ఈ మొండితనం? ఎవరికి తెలుస్తుంది?" "నాకు తెలుస్తుందండీ," అన్నాను.

ఆదివారం వెళ్ళాను. అందరూ వచ్చాక, పద్ధతి ప్రకారం ఆకుపచ్చ గుడ్డ మీద కొంగని పెట్టి ముందు లోపం చెప్పాను. "దీన్ని నేను చింతపండుతో, ఉప్పుతో తోమాను. వద్దన్నా తోమాను." బ్యాంకాయన నవ్వాడు. "వంటింటి చేతికిస్తే ఇంతే మరి."

"వంటింటి చెయ్యే. మా నాన్న కొట్టు చెయ్యి కూడా. తోమడం వచ్చినందుకు నాకు సిగ్గు లేదు. అడక్కుండా తోమినందుకు ఉంది," అన్నాను. ఇంకో మాట నోటిదాకా వచ్చింది, ఫోన్ మాట. మింగేశాను. అది ఆయన లోపం, చెప్పుకోవలసింది ఆయన.

పెద్దాయన బిళ్ళని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తోశారు. "తీసుకుపో. నాకొద్దు."

ఊరికే తీసుకుపోను, నేనేం ముష్టెత్తుకోవడానికి రాలేదు. నా పర్సులోంచి పీతని తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. "వచ్చే ఆదివారం వస్తానంకుల్," అన్నాను. రమ్మనలేదు, వద్దనలేదు.

వెళ్ళాను. ఆ ఆదివారమూ వెళ్ళాను, ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళాను. కొంగని నా ముందు పెట్టుకుని, ఎవరూ అడక్కపోయినా లోపం చెప్పి కూర్చునేదాన్ని. బిళ్ళలు చేతులు మారుతూ నా దాకా వచ్చేవి, నన్ను దాటి పక్కాయన చేతుల్లోకి పోయేవి. నాకెవరూ అందించలేదు. మూడో వారం బ్యాంకాయన పీతని కొనేశాడు. కొని బల్ల మీదే పెట్టాడు. అది కూడా నా ముక్కు ముందునుంచే దాటిపోయింది. ఆ రోజు ట్రైనులో బుకిట్ బటోక్ దాకా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. "ఇంక మానెయ్యరాదూ," అన్నారు మా ఆయన. మానేస్తే వాళ్ళు అనుకున్నదే నిజమవుతుంది. మానలేదు.

రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ట్రైనులో కొంగని చేతిలో పెట్టుకుని బొటనవేలితో రాసేదాన్ని. ఆ లోహం మనిషి చేతిలో మెల్లగా మళ్ళీ రంగు తిరుగుతుందని పుస్తకంలోనే చదివాను. మొదట ఇటుకరంగుకి దిగింది. ఇన్నేళ్ళకి వేయించిన కాఫీగింజ రంగుకి వచ్చింది. ఆ నేరేడు నలుపు నా జన్మలో రాదు, ఆ సంగతి నాకు తెలుసు.

నాలుగు నెలలయ్యాక ఒక ఆదివారం జపాను నుంచి ఒక ముసలి సేకరణదారు వచ్చారు. పెద్దాయనకి పాత స్నేహితుడట. బల్ల మీదున్నవన్నీ చూస్తూ చూస్తూ నా దగ్గర ఆగారు. కొంగని రెండు చేతులతో ఎత్తి, నెమ్మదిగా తిప్పి, దీనికేమైంది అన్నట్టు అందరి వైపూ చూశారు.

నేను నోరు తెరిచేలోగా పెద్దాయన అందుకున్నారు. "లోపం నేను చెబుతాను. ఇది నాది. ఈ అమ్మాయికిస్తూ ఏం చెయ్యకూడదో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. దీన్ని పాడుచేసింది నేనే. తప్పు నాది."

నాలుగు నెలలుగా నేను ఎదురుచూసింది ఇలాంటి ఒక్క మాట కోసమే. ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టి ఊరుకునేవాళ్ళు. నా వల్ల కాలేదు.

"కాదంకుల్," అన్నాను. "తోమింది నేను. మీ మాట గుర్తుండే తోమాను. నా పీతనిచ్చి కొనుక్కున్న తప్పు ఇది. బీరువాలో ఉన్నవన్నీ మీవి కావచ్చు. ఇది మాత్రం నాది. మీకు తిరిగివ్వను."

బ్యాంకాయన కూడా నవ్వలేదు. పెద్దాయన జపానాయన దగ్గర్నుంచి కొంగని తీసుకుని నా ముందు పెట్టారు. తర్వాత లేచి, బీరువా తాళం తీసి, నేను ఎప్పుడూ చూడని నల్ల బిళ్ళ ఒకటి తెచ్చారు. బల్ల చుట్టూ ఇంకెవరికీ ఇవ్వకుండా, అంచులు పట్టుకుని నా వైపు చాపారు.

చున్నీకి చేతులు తుడుచుకున్నాను. రెండు చేతులతో అందుకున్నాను.