పెరిగే జోరు తగ్గింది

వీధిలో అందరూ ఆయన్ని పొగలాయన అంటారు. పాపం, ఏనాడూ బీడీ ముట్టిన మనిషి కాదు. దేశం వదిలే పొగ సర్కారు మాటిచ్చినట్టు తగ్గుతోందో లేదో లెక్కగట్టే ఆఫీసులో ఉద్యోగం. మాట మధ్యలో ఆగి, చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ మొదటికొస్తాడు. కింది వాటా పిన్నిగారు మెట్ల దగ్గర ఆపి, "ఏమయ్యా, పొగ తగ్గిందా?" అంటే, "తగ్గిందండీ. అంటే... పెరిగింది. కానీ పెరిగే జోరు తగ్గింది" అంటాడు. "మా కోడలి నోరులాగా అన్నమాట!" అని ఆవిడ నవ్వితే, ఆ పోలిక సరిపోతుందా లేదా అని నిజంగానే ఆలోచనలో పడతాడు.

మొన్న కూతురికి జ్వరమొస్తే సెలవు పెట్టి, మందు వేసి పక్కనే కూర్చున్నాడు. పనిలో ఉన్న భార్య ఫోన్ చేసి అడిగితే, "తగ్గింది" అన్నాడు. ఆవిడ ఆ మాట నమ్మి, నిమ్మళంగా పని ముగించుకుని సాయంత్రం వచ్చింది. చూస్తే పిల్ల నుదురు పెనంలా ఉంది. "ఇదేనా అండీ తగ్గడం?" అంది. "పొద్దున పెరిగినంత మధ్యాహ్నం పెరగలేదే..." అన్నాడాయన, థర్మామీటరు వంక అయోమయంగా చూస్తూ. "పిల్ల ఒళ్లు మీ ఆఫీసనుకున్నారా? లేవండి ముందు!" ఆయన పిల్లను భుజాన వేసుకున్నాక ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు. "మందు వేశాక ఏమైనా తగ్గిందా?" అని నర్సు అడిగింది. తగ్గడమంటే ఏమిటో ఆయనకు తోచలేదు. పిల్ల చెంప వేడిగా మెడకు తగులుతోంది. "కాలిపోతోందమ్మా," అన్నాడు.