టీచరమ్మ శనిగ్రహాన్ని చూడబోయిన సాయంత్రం

శుక్రవారం. పొద్దున నీళ్లు పట్టాను, రాగులు చెరిగి మిల్లుకు పంపాను, సంగటి కెలికాను. పక్కింటి టీచరమ్మ నిన్న సాయంత్రం పోయారు. ఈరోజు పదకొండు గంటలకు ఆవిడను సాగనంపాం. వచ్చి తలస్నానం చేశాను. ఇంకే పనికీ చేతులు రావడం లేదు.

పెనుకొండ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక హిందూపురంలో మా గోడ పక్క ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఎవరైనా ‘పెద్ద’ అంటే ఊరుకునేవారు కాదు. మా తమ్ముడు పెద్ద ఇల్లు కట్టాడని చెబితే, “యాడ నిలబడి చూస్తే పెద్దది మే?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను చాలాసార్లు విసుక్కున్నాను.

ఒకసారి మా వీధివాళ్ల ఫోన్లలో గురుగ్రహం చందమామంత కనపడుతుందని మెసేజి తిరిగింది. అందరూ ఆవిడ మిద్దె ఎక్కారు. ఆవిడ ఒక రాగిగింజను తెల్లకాగితానికి అంటించి, లైటు కింద పిట్టగోడ మీద పెట్టి, మమ్మల్ని మిద్దె అవతలి కొసకు పంపారు.

“అంతే కనపడతాడు గురుడు. గ్రహాల్లో అందరికన్నా పెద్దోడు.”

“దీనికా నన్ను మెట్లెక్కిస్తివి టీచరమ్మా?” అని ఎదురింటి అంగడాయన మోకాలు పట్టుకున్నాడు.

“చిన్నగా కనపడితే తప్పు దూరానిదప్పా, వానిది కాదు” అన్నారావిడ.

టీచరమ్మకు షుగరు కళ్లకు పట్టింది. ఒక కన్ను ముందే పోయింది, రెండోది కూడా ఎక్కువ రోజులు నిలవదని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నాతో అన్నారు: “బోర్డు మీద జొన్నరొట్టెంత శనిని గీసి, చుట్టూ వలయం దిద్దేదాన్ని. ఇన్నేండ్లలో ఒకసారి కూడా వాణ్ని నా కంటితో చూడలే మే. ఈ కన్ను ఉండంగానే చూడల్ల.”

ధర్మవరంలో ఒక కాలేజీ లెక్చరరు టెలిస్కోపుతో శనిని చూపిస్తున్నాడని తెలిసి, పోయిన కార్తీకంలో ఇద్దరం రైలెక్కాం. మైదానంలో పెద్ద వరస. చూసి వచ్చినవాళ్లు నవ్వుకుంటున్నారు. “ఇంతేనా? ఫోన్లో దీనికన్నా బాగుంటాడు కదబ్బా” అన్నాడొకాయన.

నా తర్వాత టీచరమ్మ వంగి చూశారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

“కనపడతాండాదా అమ్మా?” అని లెక్చరరు అడిగాడు.

“ఉండాది నాయనా. శానా బాగుండాది” అన్నారు.

తిరుగు రైలు పెనుకొండ దాటింది. టీచరమ్మ కిటికీ వైపే చూస్తూ అన్నారు: “నాకు కనపడలే మే.”

“ఉండాది అంటివి కదక్కా?”

“ఆయప్ప అంత సేపట్నుంచి నిలబడి చూపిస్తాండాడు. వెనక అంతమంది ఉండారు. ఏమని చెప్పేది? వెలుగు కనపడె, అంతే. వలయం కనపడలే.”

నా వైపు తిరిగి అడిగారు. “నువ్వు చూసింది చెప్పు. ఎంత ఉండాడు?”

“నువ్వుగింజంత.”

“రంగు?”

“పేరిన నెయ్యి రంగు.”

“వలయం?”

“ఈ ఏడు అంచు మనవైపు తిరిగిందంట. నడుమున అడ్డంగా సన్నగీత మాదిరి ఉండాది. రెండు పక్కలా కొంచెం బయటికొచ్చింది.”

అరచెయ్యి చాపారు. “ఈడ పెట్టు.”

గోరు కొసతో ఆవిడ అరచేతి నడుమ ఒక చుక్క నొక్కాను. దాని మీదుగా అడ్డంగా చిన్న గీత గీశాను. ఆవిడ కన్ను మూసుకుని కూర్చున్నారు.

“తేలిగ్గా గీసినావు. ఇంకొంచెం గట్టిగా.”

మళ్లీ గీశాను. ఆవిడ పిడికిలి మూశారు. హిందూపురంలో రైలు దిగేటప్పుడు రెండో చేత్తోనే కమ్మీ పట్టుకున్నారు. ఆటోలోనూ పిడికిలి ఒళ్లోనే ఉంది. వాకిట్లోకి వచ్చాక తాళంచెవి నాకిచ్చి తలుపు తీయమన్నారు. లైటు వేయొద్దన్నారు. ఆ చెయ్యి అట్లాగే మూసుకుని లోపలికి వెళ్లారు.