కట్టెల కిష్టమ్మ గోనెసంచులు

మొన్న పొద్దున వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతుంటే గాలిలో ఒక వాసన వచ్చింది. పెట్రోలు, ఆయిలు కలిసి కాలిన పొగ, దాని వెంటే పచ్చి తుమ్మపొట్టు. నా ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్లి మోకాలి కింది మచ్చను తడుముకుంది. మా పక్క చేనును కౌలుకు తీసుకున్న శీను వనపర్తి వెళ్లి కొత్త రంపం మిషను తెచ్చుకున్నాడట, గట్టు మీది తుమ్మల మీద దాన్ని పరీక్షిస్తున్నాడు. కాసేపటికి దాన్ని భుజాన వేసుకుని మా వాకిట్లోకే వచ్చాడు. "ఎట్లుంది పెద్దనాయినా? షాపుల అన్నిటికన్న పెద్దది ఇదే" అంటూ ఒంటిచేత్తో ఎత్తి చూపించాడు. "కొనేటప్పుడు నీ చేతులు ఎట్లుండె?" అని అడిగాను. "చేతులేంది?" అన్నాడు అయోమయంగా. వాడి తప్పేం లేదు. వాడు కట్టెల కిష్టమ్మను చూడలేదు. మీరూ చూసి ఉండరు.

పెద్దమందడి వైపు మా ఊళ్లో మా పక్కిల్లే ఆమెది. వరసకు పెద్దమ్మ. చిన్న వయసులోనే మొగుడు పోతే గొడ్డలి పట్టుకుంది. పెళ్లిళ్లలో వంటలకు, రోడ్డు మీది హోటళ్లకు కట్టెలు కొట్టి అమ్మి బతికింది. రెండు కట్టె ముక్కలు ఒకదానికొకటి తాటించి, ఆ చప్పుడును బట్టి ఎండిందో లేదో చెప్పేది. పచ్చి కట్టెను ఎండుదని అమ్మిన పాపానికి ఒక్కసారి కూడా పోలేదు. "పెండ్లింట్ల పొగబెట్టి ఎవరి కండ్ల నీళ్లు తాగాలె?" అనేది. నోరు మాత్రం అబ్బో! ఆమె తిట్టడం మొదలుపెడితే కుక్కలు కూడా లేచి పక్క వీధికి పోయేవి.

అప్పటికి మాది ఇంకా పాలమూరు జిల్లానే. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. నేనూ, నా భార్య పద్మా ప్రతి ఏడూ కూలీల మేస్త్రి లారీ ఎక్కి మట్టిపనికి బొంబాయి వైపు పోయేవాళ్లం. మేం ఊళ్లో లేని ఏళ్లలో మా నాలుగెకరాలూ సర్కారు తుమ్మ మింగేసింది. మేం పోయిన ప్రతిసారీ మా బిడ్డ మంజుల బడి ఆగిపోయేది. మూడో తరగతి మూడుసార్లు మొదలుపెట్టింది పాపం. ఆ ఎండాకాలం అది పుస్తకాలు మూటగట్టి నా ముందు పెట్టి, "నాయినా, ఈసారి గిట్ల పోతే నేను ఇగ బడికి పోనే పోను" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఈ ఏడు లారీ ఎక్కేది లేదని ఆ రోజే మాటిచ్చేశాను. మాటైతే ఇచ్చాను కానీ, మిరుగం కార్తెలో తొలివాన పడేలోపల తుమ్మ కొట్టి, వేళ్లు తవ్వి, విత్తనం వేయకపోతే ఆ మాట గాలికి పోయినట్టే.

విషయం చెబితే కిష్టమ్మ నవ్వింది. నేను అప్పటికే ఏ చెలకలో జొన్న, ఏ చెలకలో ఆముదం అని లెక్కలేస్తున్నాను మరి. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందుగాల తుమ్మ కొట్టు" అంది. తరవాత కాసేపు చేనువైపు చూసి, "గొడ్డలితోని అయ్యేది కాదు నర్సింలూ. మిషను కొందాం. చేను నీది, కట్టె నాది. సగం నేను పెడత" అంది.

మిషను కొనడానికి పోయే రోజు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని తయారయ్యాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "పెండ్లిచూపులకా? ఇప్పు చొక్కా. గొడ్డలి తీస్కో" అంది. పొద్దున్నుంచి ఎండ నెత్తికెక్కేదాకా నాతో తుమ్మ కొట్టించింది. అరచేతులు బొబ్బలెక్కాయి, భుజాలు గుంజాయి. అప్పుడు, "ఇగ పా, బస్సుకు" అంది. నాకు మండిపోయింది. "ఇదేం అన్యాయం పెద్దమ్మా, సరుకు కొననీకి పోతూ ఈ గోసేంది?" అన్నాను. ఆమె నా చేతిలో గొడ్డలి గుంజి పక్కన పెట్టి, బస్సుకు నడిచింది.

వనపర్తిలో షాపతను మూడు మిషన్లు బల్ల మీద పెట్టాడు. నా కళ్లు ఎర్రరంగు పెద్దదాని మీదే. బ్లేడు నా చేయంత పొడవు. అతను నాతోనే మాట్లాడుతున్నాడు, కిష్టమ్మను చూడనైనా చూడటం లేదు. ఆమె అదేం పట్టించుకోకుండా రొంటిన ఉన్న తిత్తి విప్పి ఆకూ వక్కా తీసింది. "రెండు చేతుల పట్కొని ముందటికి చాపు. నేను ఇది నమిలి ఉమ్మేదాక దించకు" అంది. పెద్ద మిషను ఎత్తాను. ఆమె నింపాదిగా నములుతోంది. సగం కూడా కాకముందే నా చేతులు వణికి, బ్లేడు కొస నేలవైపు వాలిపోయింది. తరవాత చిన్నది ఎత్తాను. ఆమె బయటికి పోయి ఉమ్మి వచ్చేదాకా నిలబెట్టగలిగాను.

"మిషను కొంటరా, తూకం ఏస్తరా అమ్మా?" అని షాపతను నవ్వాడు.

"పొద్దుగాల అన్నీ అల్కగనే ఉంటయి సేటు. మాపటీలి చేతులకే బరువు తెలుస్తది. అలిసిన చేతులతోనే సామాను కొనాలె" అంది కిష్టమ్మ. చిన్నదే కట్టించింది.

కథ అక్కడితో అయిపోతే నన్ను నేను బుద్ధిమంతుణ్నని చెప్పుకునేవాణ్ని. సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర నలుగురూ ఆ మిషను చూసి, "పిల్లలు ఆడుకునేదా నర్సింలూ?" అని నవ్వారు. ఒళ్లు మండింది. రాత్రంతా పడుకుని లేచాక చేతుల్లో బలం తిరిగొచ్చింది, ఉన్న తెలివి పోయింది. తొలి బస్సుకే వనపర్తి పోయి, పైన ఇంత ఇచ్చి, పెద్దది మార్చుకుని వచ్చాను. షాపులో ఎత్తి చూస్తే గడ్డిపోచలా ఉంది. ముసలామెకు ఏం తెలుసులే అనుకున్నాను కూడా. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కిష్టమ్మ ఆ ఎర్ర మిషనును ఒక్కసారి చూసింది. తిడుతుందని చెవులు రెండూ అప్పగించి నిలబడ్డాను. ఆమె నా కాళ్లవైపు ఓసారి చూసి, తిరిగి ఇంట్లోకి పోయింది. మర్నాడు పొద్దున చేను దగ్గరికి రెండు గోనెసంచులు పట్టుకొచ్చింది. నాలుగైదు పొరలు మడిచి, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టింది. తడిస్తే గోనె గట్టిపడుతుందని వాటిని నీళ్లలో ముంచి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా కాళ్లకు చుట్టి తాళ్లతో కట్టబోయింది. నేను ఎగిరి వెనక్కి దూకాను. పెద్దమ్మ వరసామె నా కాళ్లు పట్టుకోవడమేమిటి!

"పాపం తగుల్తది పెద్దమ్మా, నా కాళ్లు పట్కుంటవేంది?"

"కాళ్లు ఉంటెనే గదరా పట్కునేది. నిలబడు సక్కగ."

మూడు రోజులు రాజాలాగా కోశాను. నాలుగో రోజు అన్నం తిన్నాక చేతులు నావి కాకుండా పోయాయి. వంగి ఉన్న కొమ్మ మీద బ్లేడు పెట్టాను. కొమ్మ తెగి పైకి లేచింది, మిషను నా చేతుల్లోంచి కిందికి వాలింది. తిరుగుతున్న గొలుసు సరిగ్గా నా ఎడమ కాలి మీద పడింది. ఒక్క క్షణం గోనెపీచు గాల్లోకి లేచింది. ఆ పీచే గొలుసుకు చుట్టుకుని, పళ్లచక్రంలో ఇరుక్కుని, ఇంజను గుర్రుమని ఆగిపోయింది. కింద చర్మం తెగింది, కండ తెగింది. ఎముక మిగిలింది.

ట్రాక్టరులో వనపర్తి దవాఖానకు తీసుకుపోతుంటే నా తల పద్మ ఒళ్లో ఉంది, కాలు కిష్టమ్మ ఒళ్లో ఉంది. ఆమె చీర నా నెత్తురుతో తడిసిపోయింది. "మిషను మార్చినప్పుడే తిట్టకపోతివి పెద్దమ్మా" అన్నాను ఏడుస్తూ.

"నువ్వు మారుస్తవని షాపులనే తెలుసురా. నీ కండ్లు దాని మీదనే ఉండె. చెప్పినా ఇనెటోనివి కాదు. అందుకే సంచులు మందం కుట్టిన" అంది. అంత నోరున్న మనిషి ఆ రోజు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను.

కుట్లు వేసిన డాక్టరు ఇరవై రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. మిరుగానికి పదిహేను రోజులే ఉన్నాయి. అంతా అయిపోయిందనుకున్నాను. కిష్టమ్మ ఎర్ర మిషను తీసుకుని వనపర్తి పోయింది. షాపతనితో ఏం పోట్లాడిందో తెలియదు, చిన్నదాన్ని పట్టుకుని తిరిగొచ్చింది. తాడు గుంజి స్టార్టు చేయడం నాతో చెప్పించుకుని, ఆ గోనెసంచులనే తన కాళ్లకు కట్టుకుని, తానే కోసింది. యాభై అయిదేళ్లు దాటిన మనిషి! చేతులు అలసిపోగానే మిషను ఆపేసి, ఆకూ వక్కా వేసుకుని, మళ్లీ లేచేది. వెనక పద్మ గడ్డపారతో మొదళ్లు తవ్వేది. సర్కారు తుమ్మను పైన కోస్తే చాలదు, వేరు మిగిలితే పదింతలై లేస్తుంది. నేను మంచం మీద కూర్చుని ఆకురాయితో గొలుసు పళ్లకు పదును పెట్టాను. మంజుల ముళ్లకంప కాలుస్తూ ముఖమంతా మసి చేసుకునేది.

మొదటి వాన పడ్డ రెండో రోజుకు మూడెకరాలు తేలాయి. కర్ర పట్టుకుని కుంటుతూ పోయి నేనే మొదటి గింజ వేశాను. ఆ వారమే మేస్త్రి వచ్చి, "లారీ ఎల్లుండి, మూటలు కట్టుర్రి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి మంజుల రెండో ఎక్కం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ఈ ఏడు రాము" అన్నాను. ఆ తరవాత ఏ ఏడూ పోలేదు. మంజుల ఇప్పుడు తిమ్మాజిపేట దగ్గర బడిలో పంతులమ్మ.

కిష్టమ్మ పోయి ఏడేళ్లయింది. పోకముందే తెగిన సంచికి మాసిక వేసి, "దాచుకో, అక్కరకొస్తది" అని నాకిచ్చింది. చిన్న మిషను ఎప్పుడో పాడైపోయింది కానీ సంచులు దూలానికి వేలాడుతూనే ఉన్నాయి. అలిసిన చేతులతో కొనాలన్న మాటను కనబడ్డ ప్రతివాడికీ చెబుతాను. ఎవడూ వినడు. నేను విన్నానా?

మొన్న శీనుకూ ఇదంతా చెప్పాను. "ఏం కాదులే పెద్దనాయినా, నా చేతులు గట్టివే" అని నవ్వాడు. లేచి వెళ్లి సంచులు దించి, తొట్టిలో ముంచాను. నీళ్లోడుతున్న సంచులతో వచ్చి, నొప్పి పుడుతున్న మోకాళ్ల మీద మెల్లగా వాడి ముందు కూర్చున్నాను. శీను ఎగిరి వెనక్కి దూకాడు.

"అయ్యో పెద్దనాయినా, నా కాళ్లు పట్కుంటవేంది!"

"కాళ్లు ఉంటెనే గదరా పట్కునేది" అన్నాను. "నిలబడు సక్కగ."