బాపు పేరు మీద నెల కార్డు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తులు కట్టేవాళ్ల ఊరూ పేరూ చెప్పొద్దు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. మాది మెథడిస్టు కుటుంబం. దయ్యం అనే మాట మా ఇంట్లో పాస్టరుగారి ప్రసంగంలో తప్ప వినపడేది కాదు. పక్కింటివాళ్లు గుమ్మానికి నిమ్మకాయలు కడితే, పులిహోర చేసుకున్నా కడుపు నిండేది కదా అని ఎగతాళి చేసిన నోరు నాది.

అయినా ఇది రాస్తున్నాను. చూసింది నేను. చేతి గడియారం పెట్టుకుని నోటుబుక్కులో రాసుకున్నదీ నేనే.

తొంభైల మొదట్లో మాట. బోధన్‌లో మా నాన్న, అంటే బాపూ, నేనూ రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నేను పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు పెళ్లి చేసుకుని దుబాయి వెళ్లాడు. వెళ్లిన ఏడాదికి ఒక టీవీ, ఒక వీసీపీ పంపాడు. వీసీపీలో కాసెట్టు చూడగలమే గాని రికార్డు చేయలేం. ఈ సంగతి తర్వాత మా ప్రాణం తీసింది.

అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. తమ్ముడి పెళ్లయిన ఏడు నెలలకు గుండె ఆగి పోయింది. చాయ్ గిన్నె పొయ్యి మీదే ఉంది. ఆమెవి రెండే రెండు ఫోటోలు. కదులుతూ, మాట్లాడుతూ ఉన్న అవ్వ మాకు మిగిలింది ఒక్కచోటే, తమ్ముడి పెళ్లి కాసెట్టులో. అందులో ఆమె కనిపించేది నాలుగు నిమిషాలు. చాయ్ గ్లాసుల ట్రే పట్టుకుని వస్తూ, లైటు కళ్లలో పడితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "అయ్యో, నన్నెందుకు తీస్తున్నవ్ కొడ్కా, పిల్లను తియ్యరాదు" అంటుంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. నిజామాబాద్‌లో వీడియో తీసిన స్టూడియోవాళ్లు మాకు కాపీ ఇచ్చి, అసలుదాన్ని చెరిపేసి వేరే పెళ్లికి వాడేశారు. అప్పట్లో అందరూ అంతే చేసేవాళ్లు.

ఆ కాసెట్టును పోగొట్టింది నేనే.

మా వీధి చివర శేఖర్ అనే అతను వీడియో లైబ్రరీ నడిపేవాడు. నేను అప్పుడప్పుడు ఒక సినిమా తెచ్చుకునేదాన్ని. రోజుకు పది రూపాయలు. టేపు మొదటికి తిప్పి ఇవ్వకపోతే రెండు రూపాయలు జుర్మానా. ఒక పొద్దున స్కూలుకు ఆలస్యమవుతోందని, టీవీ మీదున్న నల్ల కాసెట్టును శేఖర్ డబ్బాలో పెట్టి ఇచ్చేసి పరుగెత్తాను. దేని మీదా పేరు లేదు. పదిహేను రోజుల తర్వాత తమ్ముడి అత్తగారు వస్తే, పెళ్లి చూపిద్దామని కాసెట్టు పెట్టాం. ఎవడో విలన్ జీపులో వస్తున్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా శేఖర్ దగ్గరికి వెళ్లాను.

అతను తల గోక్కున్నాడు. "ఎవరో పెండ్లి ఉన్నదని వాపస్ తెచ్చిండ్రు టీచరమ్మా. పేరు లేదాయె, ఎవరిదో తెల్వక కాపీకి ఏసిన. ఈ పదిహేను దినాలల్ల నలభై కాపీలు కొట్టిన. ఏ దాంట్ల పోయిందో నాకేం తెలుస్తది?"

ఒక్క ఆశ ఉంది. కాసెట్టు మూడు గంటలది, సినిమా రెండున్నర గంటలది. పైన సినిమా ఎక్కించినా చివరి అరగంట పాతది పాతట్లే ఉంటుంది. పెళ్లి భోజనాలు కాసెట్టు చివర్లోనే ఉండేవి, అవ్వ కూడా అక్కడే ఉండేది. అంటే ఆ నలభై కాసెట్ల చివరలు చూస్తే సరిపోతుంది.

"షాపుల టీవీ లేదు టీచరమ్మా, ఇంటికి తీస్కపోయి సూస్కోండ్రి. దినాం పది రూపాయలు పెట్టుడెందుకు? నెల కార్డు తీస్కుంటే నూట యాభైల అయిపోతది. దినానికొక కాసెట్టు." తప్పు చేసినందుకు ఊరికే ఇస్తాడేమో అనుకున్నాను. కార్డు బేరం పెట్టాడు మహానుభావుడు. బాపు తానే వెళ్లి తన పేరు మీద కార్డు తీసుకున్నాడు.

మొదటి పది రోజులు చివరికి జరిపి చూశాం. చుక్కలు తప్ప ఏమీ లేవు. పదకొండో రోజు కరెంటు పోయి వచ్చింది, జరపడానికి బాపుకు బటన్ దొరకలేదు. సినిమా మొత్తం నడిచింది. అయిపోయాక తెర నిండా చుక్కలు. ఆ తర్వాత అవ్వ వచ్చింది, ట్రే పట్టుకుని. ఇరవై సెకన్లు. బాపు లేచి నిలబడి టీవీ మీద రెండు చేతులూ పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మర్నాడు శేఖర్‌కు డబ్బిచ్చి ఆ కాసెట్టు కొనేశాం. ఇంటికొచ్చి పెడితే చివర్న చుక్కలే. మొదటి నుంచి నడిపినా చుక్కలే. మేమే ఏదో నొక్కి చెరిపేశామా అంటే, వీసీపీకి చెరిపే శక్తే లేదు. సరే పోయింది అనుకున్నాం. కార్డులో ఇంకా రోజులున్నాయి కదా అని బాపు ఇంకొకటి తెప్పించాడు. దాని చివర మళ్లీ అవ్వ.

ఒక పెళ్లి ఒకే కాసెట్టులో ఉంటుంది. రెండింట్లో ఎలా ఉంటుంది? శేఖర్‌ను అడిగితే "టేపు కోసి అతికించే తీరిక నాకెక్కడిది?" అన్నాడు. మా కాసెట్టు పోకముందు నుంచీ అతని దగ్గరున్న పాత కాసెట్ల చివర కూడా ఆమె కనిపించింది. కాపీ చేయిద్దామని ఒకదాన్ని చూడకుండానే నిజామాబాద్ స్టూడియోకు తీసుకెళ్లాను. అక్కడ చుక్కలు. రెండో కాసెట్టు తీసుకెళ్తే మళ్లీ చుక్కలు. కొంటే ఉండదు, జరిపితే రాదు, ఇంకోచోట పెడితే కనపడదు. కార్డు మీద తెచ్చి, మా ఇంట్లో, సినిమా మొత్తం కూర్చుని చూస్తేనే వస్తుంది. అది కూడా ఒక్కసారే.

బాపు జన్మలో సినిమా చూసిన మనిషి కాదు. చర్చి పెద్ద. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఒక సినిమా. క్లబ్బు డాన్సు వస్తే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, పాట అయిపోయిందో లేదో నన్నడిగి మళ్లీ ఇటు తిరిగేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. నెల తిరిగేసరికి నవ్వు పోయింది. ఆయన బయటికి పోవడం మానేశాడు. ఆదివారం చర్చికి రమ్మంటే "నువ్వు పోయి రా బిడ్డా, నాకు పనున్నది" అనేవాడు. కార్డు రెండో నెల, మూడో నెల, నాలుగో నెల. నేను స్కూలు నుంచి రాగానే వీధి చివరికి పోయి ఆ రోజుది ఇచ్చి, రేపటిది తేవాలి. ఒక్కరోజు తప్పినా ఆయన అన్నం ముట్టడు. తమ్ముడు రమ్మన్నా, మోస్రాలో మేనత్త కూతురి పెళ్లైనా మేము కదల్లేదు. జైలుకైనా ములాఖాత్ ఉంటుంది, మా ఇంటికి ఎవరొచ్చినా బాపు టీవీ ముందు నుంచి కదలడాయె.

నేను నోటుబుక్కులో నిమిషాలు రాస్తూ వచ్చాను. అవ్వ పెళ్లి కాసెట్టులో ఉన్నది నాలుగు నిమిషాలు. నాలుగో నెల చివరికి నా లెక్క పంతొమ్మిది నిమిషాలు దాటింది. నేను ఎన్నడూ చూడని ముక్కలు. గ్లాసులు కడుగుతోంది. బెంచీ ఈడ్చుతోంది. వాన్‌లోంచి మంచినీళ్ల బిందె దింపుతోంది. చుట్టూ ఎవరూ ఉండరు. పెళ్లిలో కట్టుకున్న అదే ముదురు ఎరుపు చీర. మాట లేదు, గిన్నెల చప్పుడు మాత్రం వినపడేది.

ఈలోగా బాపు కాలికి చెప్పు కరిచి పుండయింది. ఆయనకు షుగర్ ఉంది. నిజామాబాద్ డాక్టరు చూసి, వారంలో అడ్మిట్ కాకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని నా ముందే చెప్పాడు. బాపు తలూపాడు. ఇంటికొచ్చాక "రేపటి కాసెట్టు సూసి పోదాం" అన్నాడు. మర్నాడూ అదే మాట.

శేఖర్ దగ్గరికి పోయి కార్డు బంద్ చేయమన్నాను. "కార్డు పెద్దాయన పేరు మీదున్నది. ఆయనొచ్చి చెప్తే బంద్ చేస్త టీచరమ్మా. మీరు చెప్తే బంద్ చేసి ఆయనతోటి నేను తిట్లు పడాల్నా?" అన్నాడు. ఆ పూటే వీసీపీ వైరు తీసి బియ్యం డబ్బాలో దాచాను. బాపు నల్లగా ఉన్న తెర ముందు మూడు గంటలు కూర్చున్నాడు. పుండు వాసన గది నిండా ఉంది. చూడలేక వైరు తెచ్చి నేనే పెట్టాను. పెట్టి వంటింట్లోకి పోయి నా చెంపలు నేనే వాయించుకున్నాను. నా తొందర వల్ల కాసెట్టు పోయింది, ఇప్పుడు నా చేతకానితనం వల్ల ఈయన పోతాడు.

డాక్టరు పెట్టిన వారంలో ఐదో రోజు, సినిమా అయ్యి అవ్వ వచ్చింది. అన్నం వండే పెద్ద గంజు మోస్తోంది. రెండడుగులు వేసి గోడకు ఆనుకుంది. నాకు ఒక్కసారిగా తట్టింది.

"బాపూ, ముఖం కాదు, అవ్వ కాళ్లు సూడు" అన్నాను.

చెప్పుల్లేవు. తడి సిమెంటు మీద నిలబడి ఉంది. పాదాలు వాచి, వేళ్లు విడివిడిగా కనపడటం లేదు. నాలుగు నెలల కింద ట్రే పట్టుకుని నవ్వుతూ వచ్చిన మనిషి కాదు. తల కూడా తెల్లబడింది. గంజు కింద పెట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తింది. చుక్కలు వచ్చాయి.

బాపు లేచి టీవీ ఆపాడు.

"మనం పెట్టినప్పుడల్లా లేస్తున్నది" అన్నాడు. తన కాలు చూసుకుని, "బతికినన్ని దినాలు గిదే చేయించిన. ఇప్పుడు గూడ చేయిస్తున్న" అన్నాడు.

మర్నాటి కాసెట్టు అప్పటికే ఇంట్లో ఉంది. బాపు దాన్ని పెట్టలేదు. కాలికి గుడ్డ చుట్టుకుని, రిక్షా పిలిపించుకుని, తానే పోయి కాసెట్టూ కార్డూ శేఖర్ చేతిలో పెట్టి వచ్చాడు. ఆ మధ్యాహ్నమే నిజామాబాద్ బస్సెక్కాం. రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది.

నాలుగు రోజుల తర్వాత బట్టల కోసం నేను బోధన్ వచ్చాను. పట్టపగలు. శేఖర్ దుకాణం దాటుతూ ఆగిపోయాను. బాపు చూడకుండా ఇచ్చిన కాసెట్టు అడిగి, కార్డు లేదు గనక పది రూపాయలిచ్చి తీసుకున్నాను. ఒక్కదాన్నే కూర్చుని సినిమా అంతా చూశాను. కార్డు లేదు, రాదులే అనుకుంటూనే చూశాను.

వచ్చింది. మడత కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో విస్తరి, అన్నం, మాంసం కూర. ఒక కాలు పైకి పెట్టుకుంది. తల ఎత్తకుండా, తొందర లేకుండా తింటోంది. ఎముక పక్కన పెట్టింది. కూర కలుపుకుంది. తమ్ముడి పెళ్లిలో అవ్వ మెతుకు ముట్టలేదు. అందరికీ పెట్టేసరికి అయిపోయిందని, ఇంటికొచ్చి మజ్జిగ తాగి పడుకుంది. ఆ రోజు ఆమె పక్కన పడుకున్నది నేనే. నా గడియారం ప్రకారం రెండు నిమిషాల నలభై సెకన్లు.

కాసెట్టు తిరిగి ఇచ్చేటప్పుడు శేఖర్ "మళ్ల కార్డు చెయ్యమంటరా టీచరమ్మా?" అన్నాడు. సరేనన్న మాట నోటిదాకా వచ్చింది. వద్దని చెప్పి, ఎవరో తరుముతున్నట్టు మెట్లు దిగాను.

వార్డులో బాపు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే అడిగాడు, "ఆ ఆఖరిది సూసినవా బిడ్డా?"

ఎలా కనిపెట్టాడో తెలియదు. "సూసిన బాపూ. ఏం లేదు, చుక్కలే" అన్నాను.

"పోనీలే. పండుకున్నదేమో" అన్నాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. వీడియో లైబ్రరీ మూతపడింది, వీసీపీ ఇనుప సామాన్లవాడికి పోయింది. అవ్వ కూర్చుని కడుపు నిండా తిన్నదన్న ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ప్రాణం ఎంత చల్లబడేదో. చెప్తే మర్నాడే రిక్షా పిలిపించుకుని కార్డు తీసుకునేవాడు, ఆమె మళ్లీ లేవాల్సి వచ్చేది. ఆ ఎనిమిదేళ్లూ రోజూ ఆయనకు అన్నం వడ్డించే వేళకు ఆ మాట నా గొంతు దాకా వచ్చి ఆగేది. ఆఖరి రోజున కూడా ఆగింది. ఆ నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు. ఆయనకు చెప్పకపోవడం మంచిదైందో కాదో, అది కూడా తెలియదు.