సొన పుండు అన్నారు

మా వైపు ఎవరికి ఏ పుండు లేచినా మామిడి సొన మీదికి తోసేస్తారు. కోతల కాలంలో చేతులకో మొహానికో మచ్చ పడని ఇల్లు చాట్రాయి చుట్టుపక్కల ఉండదు కాబట్టి, ఆ మాట అందరికీ ఇట్టే నచ్చుతుంది. జైలు డాక్టరుకూ నచ్చింది.

తోట గట్టు తగాదాలో అవతలివాడి చెయ్యి విరిగి, మా ఆయన రిమాండులో ఉన్న రోజులవి. ఆయనకు షుగరు. కాలి బొటనవేలి పక్కన పుండు లేచింది. డాక్టరు దూరం నుంచే చూసి, "సొన పుండు, తోటలవాళ్ళకి మామూలే" అని ఆయింట్‌మెంటు రాసి పంపేశాడట. జైల్లో సొన ఎక్కడ అంటిందో ఆ మహానుభావుడే చెప్పాలి.

ములాఖత్‌కు వెళితే మా ఆయన ఇనప జాలీ అవతల నుంచి కాలెత్తి చూపించాడు. వేలు నల్లబడింది. పెద్దాసుపత్రికి పంపమని జైలు సూపరింటెండెంటుకు అర్జీ పెట్టాను. డాక్టరు చూశాడు కాబట్టి బయటికి పంపాల్సిన అవసరం లేదని జవాబొచ్చింది. ఎవరి మీద మొరపెట్టుకున్నానో ఆయన్నే అడిగి రాసిన జవాబది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది.

కోర్టు తరఫున మాకిచ్చిన ఉచిత లాయరు చిన్నపిల్ల. కానీ గట్టిది.

"జైలువాళ్ళు కాదంటే అయిపోయినట్టు కాదండీ. బయట డాక్టర్లతో పరీక్ష చేయించమని మేజిస్ట్రేటుగారికి పిటిషన్ వేద్దాం. వాయిదా రోజు ఆయన్ని వీడియోలో చూపిస్తారు. అప్పుడు ఆయన కూడా నోరు విప్పాలి. అడగందే అమ్మైనా పెట్టదు కదా" అంది.

వాయిదా రోజు కోర్టు హాల్లో తెర మీద మా ఆయన కనిపించాడు. మేజిస్ట్రేటుగారు పిటిషన్ తిరగేసి, "ఒంట్లో ఎలా ఉందయ్యా?" అని అడిగారు.

మా ఆయన రెండు చేతులూ జోడించి, "మీ దయవల్ల బాగానే ఉందండి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాలు చూపించండి! కాలు!" అని లేచి అరిచాను. కానిస్టేబులు కూర్చోబెట్టాడు. తెర మీదికి ఇంకో కేసువాడు వచ్చాడు. ఖైదీ బాగున్నానన్నాడు కాబట్టి పిటిషన్ కొట్టేశారు.

ములాఖత్‌లో కడిగేశాను. "బాగోలేదని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"అంత పెద్దాయన పలకరిస్తే ఏమని చెప్పమంటావే?" అన్నాడు. గొంతు తగ్గించి, "పక్కనే వార్డరు కూడా ఉన్నాడు" అన్నాడు.

మా మర్యాదలు మండిపోను. నూట మూడు జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా గుమ్మంలో పెద్దమనిషి కనబడితే దుప్పటి సర్దుకుని బాగానే ఉన్నానండీ అంటాడు. దాన్నే మేం సంస్కారమని పిల్లలకు నేర్పిస్తాం.

లాయరమ్మాయి పట్టు వదల్లేదు. పై కోర్టుకు వెళ్ళింది. ఈసారి జడ్జిగారిని, "ఎలా ఉన్నావని అడగొద్దండీ, కట్టు విప్పి కాలు చూపించమనండి" అని వేడుకుంది. ఆయన అలాగే అన్నారు. మా ఆయన కట్టు విప్పి కాలు కెమెరా ముందు పెట్టాడు. సాయంత్రానికల్లా పెద్దాసుపత్రికి పంపమని ఆర్డరు చేతికొచ్చింది. గెలిచామని ఆ పిల్ల నా భుజం తట్టింది. నేను కూడా నమ్మాను, పిచ్చిదాన్ని.

పెద్దాసుపత్రిలో సర్జన్ కాలు చూసి, పక్కనున్న కానిస్టేబులును వదిలేసి, నావైపు తిరిగాడు.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారమ్మా? ముందే తెచ్చుంటే ఒక్క వేలితో పోయేది."

"జైల్లో ఉన్నాడండీ" అన్నాను.

"అయితే? అక్కడా డాక్టరుంటాడుగా, చెప్పాల్సింది" అన్నాడు.

కానిస్టేబులు ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఎవరినైనా కొట్టాలనిపించింది. మర్నాడు పొద్దున కాలు చీలమండ పైదాకా తీసేశారు.